అరచేతిలో అంగడి

ఇంటర్నెట్‌లో ఉన్న సంగతి తెలుసుకోవాలంటే ఎదుట కంప్యూటరు ఉండి తీరాలా? పుదుచ్చేరి పట్టణానికి దక్షిణాన, సముద్రపు ఒడ్డునే ఉన్న వీరాంపట్టినం జాలరులను అడిగితే అక్కర్లేదనే అంటారు. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ పుదుచ్చేరి పల్లెల్లో సమాచార కేంద్రాలు నెలకొల్పడం మొదలుపెట్టింది. విల్లియనూరులో ప్రధాన కేంద్రం ఉండేది. అక్కడివారు అమెరికా నౌకాదళపు వెబ్‌సైటు తెరిచి, బంగాళాఖాతంలో అలల ఎత్తును సూచించే పటాన్ని చూసేవారు. పటం పెద్దది, అందులో మాటలు ఇంగ్లీషువి. వీరాంపట్టినం ఒడ్డున మాత్రం మైకులో తమిళంలో వినిపించేది ఒకటే సంగతి: రాబోయే గంటల్లో అలలు ఎంత ఎత్తున ఉంటాయి అని. పడవను నీళ్లలోకి నెట్టాలా, వద్దా అని తేల్చుకోవడానికి జాలరికి కావలసింది అంతే.

అదే పథకం కింద నల్లవాడు గ్రామంలోనూ ఒక కేంద్రం, ఒక మైకు ఉండేవి. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ వస్తున్నదని సింగపూరు నుంచి గ్రామస్థుడొకరు ఫోను చేస్తే, ఆ మైకులోనే ఊరంతటికీ చాటి జనాన్ని ఒడ్డు నుంచి తప్పించారు.

ఈ కథ ఇప్పుడెందుకంటారా? సమాచారం ఎంత ఉందన్నది ఒక లెక్క, అవతలివాడి చేతిలో ఉన్న సాధనానికి అందులో ఎంత పట్టిందన్నది ఇంకో లెక్క. విల్లియనూరు కేంద్రంలో ఈ రెండింటి మధ్య ఒక మనిషి కూర్చుని కావలసినది ఏరి పంపేవాడు. ఈనాడు ఒక చిన్న దుకాణం వెబ్‌సైటు పెట్టుకుంటే, కొనేవారిలో చాలామంది దాన్ని సెల్‌ఫోనులోనే చూస్తారు. ఏరి పంపే మనిషి మధ్యలో ఉండడు. ఆ పని పేజీ తయారుచేసేటప్పుడే జరిగిపోవాలి.

విల్లియనూరు కాల్చిన మట్టి బొమ్మలకూ, తిరుక్కనూరు కాగితపు గుజ్జు బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఈ రెండూ అమ్మే చిన్న దుకాణం ఒకటి పుదుచ్చేరి మిషన్ వీధిలో ఉందని అనుకుందాం. వారాంతంలో చెన్నై నుంచీ బెంగుళూరు నుంచీ వచ్చినవారు కొంటారు. మిగతా అయిదు రోజులు బేరం పలచన. అంతకుముందు వచ్చి వెళ్లిన ఒక ఆమె, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సులో ప్రయాణిస్తూ, చెల్లెలి పెళ్లికి ఒక జత మట్టి గుర్రాలు పంపించాలని ఫోను తీసింది. సిగ్నలు వస్తోంది, పోతోంది. ఆమె ఆ జతను కొంటుందా, విసిగి ఫోను సంచిలో పడేస్తుందా? దుకాణదారుడికీ, గుర్రం చేసిన కుమ్మరికీ ఆ తేడా ఒక రోజు కూలి. ఏ కారణాల మీద ఇది ఆధారపడి ఉంటుందో చూద్దాం.

ఫోటో ఎంత బరువు?

దుకాణదారుడు తన ఫోనుతోనే బొమ్మలకు ఫోటోలు తీశాడు. అది 12 మెగాపిక్సెళ్ల కెమెరా. అంటే అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలు. మొత్తం 1 కోటి 20 లక్షల చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 3 బైట్లు కావాలి. ఉన్నదున్నట్టు రాస్తే ఒక ఫోటోకు 36 మెగాబైట్లవుతుంది. కెమెరా దాన్ని కుదించి సుమారు 4 మెగాబైట్లు చేస్తుంది. అటువంటివి 20 ఫోటోలు పేజీలో పెట్టాడనుకోండి, 80 మెగాబైట్లు. బస్సులో ఆమెకు సెకనుకు 4 మెగాబిట్ల వేగం అందుతోందనుకుందాం. బైటుకు 8 బిట్లు కాబట్టి 640 మెగాబిట్లు రావాలి. 160 సెకన్లు, అంటే రెండున్నర నిమిషాల పైమాటే. బొమ్మ కనిపించకుండా అంతసేపు ఎవరు ఎదురుచూస్తారు?

ఇప్పుడు ఆమె ఫోను తెరను చూడండి. సాధారణంగా అడ్డంగా 1,080 చుక్కలుంటాయి. వరసకు రెండేసి బొమ్మలు కనిపించేలా పేజీ ఉంటే, ఒక్కో బొమ్మకు దక్కేది 540 చుక్కల వెడల్పు, 405 చుక్కల ఎత్తు. అంటే సుమారు 2 లక్షల 19 వేల చుక్కలు. పంపిన కోటీ ఇరవై లక్షలలో ఇది యాభై అయిదో వంతు! మిగిలినవన్నీ గాలిలో అంత దూరం ప్రయాణించి వచ్చి, ఫోనులో పడగానే వ్యర్థమైపోతాయి. వాటికి ఆమె డేటా ఖర్చయింది, బ్యాటరీ ఖర్చయింది. బొమ్మ మాత్రం ఏమీ మెరుగు పడలేదు.

ముందే తెరకు తగినంతకు తగ్గించిన ఫోటో 40 కిలోబైట్లలో ఇమిడిపోతుంది. ఇరవైకీ కలిపి 800 కిలోబైట్లు, ఒకటిన్నర సెకను చిల్లర. పైగా తెర మీద ఒక్కసారిగా కనిపించేవి ఆరు బొమ్మలే. మిగిలినవి ఆమె వేలితో పేజీని పైకి జరిపినప్పుడు తెప్పించుకోవచ్చు. అప్పుడు మొదటి చూపుకు రావలసింది 240 కిలోబైట్లు, అర సెకను. ఎక్కడి 160 సెకన్లు, ఎక్కడి అర సెకను! ఇందుకు కొత్త యంత్రమేదీ కొనలేదు, తీసివేత, భాగహారం తప్ప.

మరీ సులువన్న ఆలోచన

36 మెగాబైట్ల ఫోటోను కెమెరా 4 మెగాబైట్లకు ఎలా కుదించిందో మీకు సందేహం వచ్చే ఉంటుంది. ఇక్కడ కాస్త ఆగవలసిందే.

సముద్రం వైపు చూడండి. దూరం నుంచి నెమ్మదిగా పొంగి వచ్చే పెద్ద అల ఉంటుంది. దాని మీద చిన్న అలలు, వాటి మీద గాలికి లేచే సన్నని జలదరింపు. నీటి ఉపరితలాన్ని రెండు విధాలుగా వర్ణించవచ్చు. ప్రతి బిందువు దగ్గరా నీరు ఎంత ఎత్తున ఉందో రాసుకుంటూ పోవడం ఒకటి. పెద్ద అల ఇంత, మధ్యరకం ఇంత, సన్నవి ఇంత అని పాళ్లు చెప్పడం రెండోది. జేపెగ్ అనే ఫోటో పద్ధతి రెండోదాన్ని అనుసరిస్తుంది. ఫోటోను 8 అడ్డం, 8 నిలువు చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో 64 చుక్కలు. ఆ 64 వెలుగుల బదులు, 64 నమూనా అలల పాళ్లు రాసుకుంటుంది. మొదటిది గడి మొత్తం సగటు వెలుగు, ఆ తర్వాత నెమ్మది అలలు, చివరన చదరంగపు బల్లలా చకచకా మారేవి.

ఇంతవరకూ ఏమీ ఆదా కాలేదు. 64 అంకెలిస్తే 64 అంకెలే వచ్చాయి. ఆదా తర్వాత మొదలవుతుంది. మట్టి గుర్రం వీపు నున్నగా ఉంటుంది కాబట్టి ఆ గడిలో పెద్ద అలల పాళ్లే చెప్పుకోదగ్గవి, సన్న అలల పాళ్లు దాదాపు సున్నా. మన కంటికి కూడా సన్న అలల్లో తేడా అంతగా పట్టదు. అందుచేత చిన్న అంకెలను ఏకంగా సున్నా చేసి, ‘ఇక్కడి నుంచి అన్నీ సున్నాలే’ అని ఒక్క మాటలో రాసేస్తారు. వెలుగులో మార్పును పట్టినంత నిశితంగా మన కన్ను రంగులో మార్పును పట్టలేదు. కాబట్టి రంగు వివరాలను ఇంకా ముతకగా రాసినా చెల్లిపోతుంది.

ఈ అలల పాళ్లు కట్టే గణితానికి డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అని పేరు. దీన్ని ప్రతిపాదించినవారు బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉండగా, 1972లో ఈ ఆలోచన మీద పనిచేయడానికి డబ్బు ఇమ్మని అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగారు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక సమీక్షకుడు అన్నాడట, డబ్బు రాలేదు. ఈ సంగతి తర్వాత ఆయనే రాశారు. అయినా పని మానలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలోని కె.ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో పరిశోధన పత్రం ప్రకటించారు. ఈ కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. చదివింది మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో. 1992లో జేపెగ్ ప్రమాణం వెలువడినప్పుడు దాని గుండెలో ఉన్నది ఈ ముగ్గురి లెక్కే. త్రికోణమితిలో కొసైన్ ఎందుకు చదవాలని అడిగే మిత్రుడు మీ తరగతిలో ఉంటే, అతని ఫోనులోని ఫోటోలు చూపించండి.

ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. అక్షరం అంచు దగ్గర తెలుపు ఒక్కసారిగా నలుపవుతుంది. అటువంటి చోట సన్న అలలు కూడా కావాలి. వాటిని తీసేస్తే అక్షరం చుట్టూ మసక పట్టినట్టు మరకలు వస్తాయి. చాలామంది దుకాణదారులు ధరల పట్టికను కాగితం మీద రాసి, ఫోటో తీసి పేజీలో పెడతారు. మసక సంగతి అటుంచండి, దానికి ఇంకా పెద్ద చిక్కులున్నాయి. అందులోని మాటలను వెతికే యంత్రాలు అక్షరాలుగా పట్టుకుంటాయన్న భరోసా లేదు. చూపు లేనివారికి చదివి వినిపించే ఉపకరణానికి అది ఉత్త బొమ్మే. తెలుగు అక్షరాలను అక్షరాలుగా పంపితే ఎంత బరువంటారు? యూనికోడ్‌ను పంపే మామూలు పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ‘కుండ’ అన్న మాటలో క, ఉకారపు గుర్తు, సున్న, డ అని నాలుగు గుర్తులు, 12 బైట్లు. 500 గుర్తుల వర్ణన రాసినా 1,500 బైట్లే. కిందటి లెక్కలోని అతి చిన్న ఫోటోలో ఇరవై ఆరో వంతు కూడా కాదు.

వెడల్పు గురించి ఒక బొంకు

పేజీ చప్పున వచ్చింది. కాని అక్షరాలు చీమతలల్లా ఉన్నాయి. ఎందుకు?

2007లో ఐఫోను వచ్చేనాటికి వెబ్ పేజీలన్నీ బల్లమీది కంప్యూటరు కోసం తయారైనవే. వాటిని ఎలాగో ఒకలా చూపించడానికి ఆ ఫోను ఒక బొంకు బొంకింది. తన తెర 320 చుక్కల వెడల్పే అయినా, 980 అని పేజీకి చెప్పి, వచ్చినదాన్ని కుదించి చూపించింది. ఆ అలవాటు నేటి ఫోన్లలోనూ మిగిలింది. ‘నీ అసలు వెడల్పు ఎంతో అంతే చెప్పు’ అని పేజీ తలభాగంలో ఒక్క వాక్యం రాస్తే ఫోను బొంకడం మానేస్తుంది. ఈ వాక్యాన్ని వ్యూపోర్ట్ అంటారు. అది లేకపోతే మిగతా పనులు ఎన్ని చేసినా పేజీ చీమతలలుగానే ఉంటుంది.

ఆ తర్వాత పేజీ కూడా తెరను బట్టి సర్దుకోవాలి. బంతి భోజనాలకు ఆకులు వేసేవాడు హాలు వెడల్పు చూసి రెండు వరసలా, నాలుగు వరసలా అని నిర్ణయించుకుంటాడు. ఆకు కొలత, వడ్డించే పదార్థాలు మారవు. అలాగే ‘తెర ఇంతకన్నా ఇరుకైతే వరసకు రెండు బొమ్మలు, విశాలమైతే నాలుగు’ అని పేజీకి నియమాలు చెప్పవచ్చు. 2010 మేలో ఈథన్ మార్కాట్ అనే రూపశిల్పి ఈ పద్ధతికి పేరు పెట్టి వ్యాసం రాశాక ఇది లోకమంతా పాకింది. ఫోనుకు అనువుగా ఉన్న పేజీలకు ఫోనులో వెతికేవారి ఫలితాల్లో ముందు చోటు ఇస్తామని గూగుల్ 2015 ఏప్రిల్‌లో అమలు ప్రారంభించింది. 2023 నాటికి పేజీలను ఫోను రూపంలోనే చదివి లెక్కలోకి తీసుకునే మార్పిడి పూర్తయిందని ప్రకటించింది. కంప్యూటరు తెర మీద ఎంత అందంగా ఉన్నా సరే, ఫోనులో కనిపించని ధర గూగుల్‌కూ కనిపించదన్నమాట.

ఇంకో చిన్న సంగతి. బొమ్మ రాకముందే దాని కొలత పేజీకి చెప్పకపోతే ఏమవుతుందో మీరూ అనుభవించే ఉంటారు. ‘కొనండి’ అన్న బొత్తాం నొక్కబోతాం. అంతలో పైన ఎక్కడో బొమ్మ వచ్చి పడుతుంది. పేజీ అంతా కిందికి జరిగి, వేలు మరోదాని మీద పడుతుంది. వెడల్పు, ఎత్తు ముందే రాసి ఉంచితే ఆ జాగా ఖాళీగా వేచి ఉంటుంది.

కాంతికి కూడా సమయం పడుతుంది

పుదుచ్చేరి దుకాణపు పేజీ అమెరికాలోని కంప్యూటరులో ఉండవచ్చు, ముంబాయిలో ఉండవచ్చు. తేడా ఉంటుందా? గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అమెరికా తూర్పు తీరం సుమారు 14,000 కిలోమీటర్లు. పోయి రావడానికి 0.14 సెకను. ముంబాయి సుమారు 1,100 కిలోమీటర్లు, పోయి రావడానికి 0.011 సెకను. అయితే ఒక్కసారి పోయి వస్తే పని కాదు. సంబంధం ఏర్పరచుకోవడానికి ఒకసారి, ఎవరూ వినకుండా రహస్యలిపి కుదుర్చుకోవడానికి ఒకసారి, పేజీ అడగడానికి ఒకసారి, మొత్తం మూడు. అమెరికా అయితే 0.42 సెకను, ముంబాయి అయితే 0.033 సెకను. అదీ దారి తిన్నగా ఉందనుకుంటేనే. నిజానికి తీగలు వంకర్లు తిరుగుతాయి, ఫోనుకూ టవరుకూ మధ్య జాప్యం వేరు.

కబుర్లాడే పెట్టె, చూసినవారిని లెక్కపెట్టే యంత్రం, మెరిసే దీపావళి టపాకాయలు అంటూ పేజీకి తగిలించే ప్రతి అలంకారమూ తలా ఒక ఊరి నుంచి వస్తుంది. ప్రతి ఊరికీ మళ్లీ మూడేసి ప్రయాణాలు. బట్టల మీద జరీలా కనిపించే ఈ సరుకులో సగం తీసేసినా బేరం తగ్గదని నా అభిప్రాయం.

వేలూ, ఎండా

మౌసు మొన ఒక చుక్కంత. వేలికొస తెరను తాకే చోటు దాదాపు సెంటీమీటరు వెడల్పు. అందుకే బొత్తాలు 9 మిల్లీమీటర్లకు తగ్గకుండా, ఒకదానికొకటి ఎడంగా ఉండాలని ఆండ్రాయిడ్ రూపకర్తల సలహా. ‘కొనండి’, ‘తీసివేయండి’ పక్కపక్కనే అంటుకుని ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. లేత బూడిదరంగు అక్షరాలు ఏసీ గదిలో నాజూకుగా ఉంటాయి. మధ్యాహ్నం పుదుచ్చేరి బీచి రోడ్డు మీద నిలబడి చూస్తే మాయమైపోతాయి. అక్షరానికీ నేపథ్యానికీ వెలుగు నిష్పత్తి కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

డబ్బు దగ్గర

2016లో మొదలైన యూపీఐ వల్ల చిన్న దుకాణానికి డబ్బు పుచ్చుకోవడం తేలికయింది. అయితే కొందరు కౌంటరు మీద అతికించిన క్యూఆర్ చతురాన్నే తెచ్చి పేజీలో పెడతారు. కొనేవాడు దాన్ని చూస్తున్నది ఫోనులో. తన ఫోను తెరను తన ఫోను కెమెరాతో ఎలా తీస్తాడు? ఫోనులో ఉన్న చెల్లింపు యాప్‌ను సొమ్ముతో సహా నేరుగా తెరిచే బొత్తాం ఉండాలి.

బస్సులోని ఆమె అది నొక్కింది. సరిగ్గా అప్పుడే సిగ్నలు పోయింది. దుకాణానికి ఆర్డరు చేరింది, ‘అందింది’ అన్న జవాబు మాత్రం తిరిగి రాలేదు. ఆమె మళ్లీ నొక్కింది. ఇప్పుడు రెండు జతలా? రెండుసార్లు డబ్బా? ఆసుపత్రిలో చీటీ ఇచ్చినట్టు, బుట్ట నింపినప్పుడే ఆ కొనుగోలుకు ఒక అంకె కేటాయించాలి. ఎన్నిసార్లు నొక్కినా అదే అంకె వెళుతుంది. చూసిన అంకే మళ్లీ వస్తే దుకాణపు కంప్యూటరు కొత్త ఆర్డరు రాయక, పాత జవాబునే మళ్లీ పంపుతుంది. బుట్టలోని సరుకుల జాబితాను ఆమె ఫోనులోనే దాచి ఉంచితే, సిగ్నలు పోయినా బుట్ట ఖాళీ కాదు.

చిరునామా దగ్గర తెలుగువారికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. టైపు చేయించే శ్రమ తగ్గించడానికి, పిన్‌కోడ్‌లోని మొదటి అంకెలను బట్టి రాష్ట్రాన్ని తనంతట తానే నింపే పేజీలుంటాయి. మంచి ఆలోచనే. కాని పుదుచ్చేరి పట్టణం పిన్‌కోడ్ 605001 అయితే, కాకినాడ దగ్గరున్న యానాం పిన్‌కోడ్ 533464. 53 అనగానే పేజీ ‘ఆంధ్రప్రదేశ్’ అని నింపేస్తుంది. తపాలా మండలాలు భూగోళాన్ని చూస్తాయి. పన్ను చట్టం పాలనను చూస్తుంది. పుదుచ్చేరి దుకాణం యానాంకు పంపే సరుకు ఒకే కేంద్రపాలిత ప్రాంతం లోపలి అమ్మకం, దానికి కేంద్ర, స్థానిక జీఎస్టీలు చెరిసగం. ఆంధ్రప్రదేశ్ అని పడితే అంతర్రాష్ట్ర పన్ను వేసిన తప్పు బిల్లు తయారవుతుంది. పేజీ నింపిన దాన్ని కొనేవారు సరిదిద్దుకునే వీలుండాలి, పూర్తి పిన్‌కోడ్ చూసి నింపడం ఇంకా మేలు. పిన్‌కోడ్, ఫోను నంబరు అడిగే చోట అంకెల బొత్తాలే కనిపించేలా చేయడం కూడా ఒక్క మాటతో అయ్యే పని.

ఈ-కామర్స్ నియమాలు 2020 ప్రకారం దుకాణం పేరు, చిరునామా, మొత్తం ధర, అందులో ఏది ఎంతో, సరుకు తిప్పి పంపే షరతులు స్పష్టంగా చూపాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులతో కొనేవారి సమ్మతి తీసుకున్నట్టు చెప్పుకోకూడదు. చిన్న తెర అన్నది ఇందుకు సాకు కాదు.

మీరే చేసి చూడండి

మీ పాఠశాల కంప్యూటరులో బ్రౌజరు తెరిచి, మీ ఊళ్లోని ఏదైనా దుకాణపు పేజీకి వెళ్లండి. డెవలపర్ టూల్స్ అనే కిటికీలో నెట్‌వర్క్ అన్న భాగం ఉంటుంది. దాన్ని తెరిచి పేజీని మళ్లీ రప్పించండి. వచ్చిన ప్రతి ముక్క పేరు, బరువు, పట్టిన కాలం వరసగా కనిపిస్తాయి. అక్కడే వేగాన్ని తగ్గించి చూసే సౌకర్యం, ఫోను వెడల్పులో చూసే సౌకర్యం కూడా ఉంటాయి. అన్నిటికన్నా బరువైన మూడు ముక్కలు రాసుకోండి. బొమ్మలైతే వాటి అసలు కొలత ఎంత, తెర మీద కనిపించే కొలత ఎంత? మొత్తం బరువును 8తో హెచ్చించి 4తో భాగించండి. మెగాబైట్లలో తీసుకుంటే వచ్చేది సెకన్లు. ఆ కాగితం మడిచి, సాయంత్రం ఇంటికి పోతూ ఆ దుకాణదారుడికి చూపించండి.